ముద్రలో నిలిచిన పేరు: కార్ల్ ఫాబెర్జే

రష్యా దేశపు పాతకాలపు రవ్వల కంకణం ఏదైనా వేలానికి వచ్చినప్పుడు నిపుణులు ముందుగా దాని తూకం చూడరు. భూతద్దం చేతబట్టి, లోపలి అంచున కొట్టిన సూక్ష్మమైన ముద్రలను వెదకుతారు. 56 అనే అంకె ఉంటే అది 14 కారెట్ల బంగారం. 72 ఉంటే 18 కారెట్లది. మేలిమి బంగారాన్ని 96 భాగాలుగా లెక్కించడం జారు చక్రవర్తుల కాలపు పద్ధతి. 22 కారెట్లకు అలవాటుపడిన మన ఇళ్ళలో ఇది తక్కువ వన్నెగానే తోచవచ్చు. కాని ఆ అంకెకు తోడు రష్యన్ లిపిలో ఫాబెర్జే అనే పేరు నిజముగా ఉన్నదంటే, బంగారపు ధరతో నిమిత్తం లేకుండా వెల పెరిగిపోతుంది. అందుకే ఆ పేరుతో దొంగముద్రలూ అధికమే.

పీటర్ కార్ల్ ఫాబెర్జే 1846లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జన్మించాడు. తండ్రి గుస్తావ్ 1842లో అక్కడ నగల దుకాణం తెరిచిన స్వర్ణకారుడు. కార్ల్ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పని నేర్చి, ఐరోపా నగరాలు తిరిగి, స్వదేశం చేరి, 1872లో దుకాణపు బాధ్యత స్వీకరించాడు. అప్పటికి ఆయన వయస్సు 26 సంవత్సరాలు. అంతటితో చదువు అయిపోయిందనుకోలేదు. హెర్మిటేజ్ మ్యూజియంలో ప్రతిఫలం ఆశించక పురాతన ఆభరణాలను మరమ్మతు చేస్తూ, ప్రాచీనుల పనితనాన్ని తెలుసుకున్నాడు.

ఆ శ్రమ 1882లో ఫలించింది. మాస్కోలో జరిగిన అఖిల రష్యా ప్రదర్శనలో ఆయన సంస్థకు స్వర్ణపతకం లభించింది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దం నాటి సిథియనుల బంగారు కంకణానికి ఆ సంస్థ చేసిన ప్రతిరూపాన్ని చూసి, జారు మూడవ అలెగ్జాండర్ అసలు ఏదో, నకలు ఏదో గుర్తించలేకపోయాడని చెబుతారు. 1885లో ఆయనకు రాజాస్థానపు స్వర్ణకారుడనే హోదా దక్కింది. ఈస్టర్ పండుగకు మహారాణికి కానుకగా ఇచ్చిన మొదటి గుడ్డు ఆ సంవత్సరానిదే. తెల్లని మీనా పెంకు, లోపల బంగారు సొన, దానిలో బంగారు కోడిపెట్ట. 1916 వరకు ఇటువంటివి 50 రాజకుటుంబానికి చేరాయి.

రాళ్ళ పరిమాణాన్ని బట్టి నగకు విలువ కట్టడం ఆయనకు గిట్టేది కాదు. ఊహకూ పనితనానికే పెద్దపీట. ఇవన్నీ ఆయన స్వహస్తాలతో చేసినవి కావు. ఆయన కింద కొలిన్, పెర్హిన్, విగ్‌స్ట్రోమ్ వంటి మేటి పనివారుండేవారు. వారి పొడి అక్షరాలు కూడ నగపై కనిపిస్తాయి. యజమాని పేరు పక్కన పనివాని గుర్తుకు చోటుండడం గమనింపదగినది.

ఆల్మా పీల్ అనే యువతి అక్కడ చిత్రలేఖకురాలిగా చేరింది. కిటికీ అద్దంపై పేరుకొన్న మంచు పొరలను చూసి ఆమె రచించిన నమూనాల నుండే 1913 నాటి శీతకాలపు గుడ్డు రూపొందింది. విప్లవానంతరం ఆమె ఫిన్లాండుకు వెళ్ళి పాఠశాలలో చిత్రలేఖనం బోధిస్తూ జీవితం గడిపింది. ఆ పంతులమ్మ పూర్వకథ ఆమె శిష్యులకు తెలియదు. ఆ గుడ్డు 2025 డిసెంబరులో లండన్ వేలంలో దాదాపు 2 కోట్ల 29 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది.

1914లో యుద్ధం రాగా, వజ్రాలు పొదిగిన చేతులే రాగిపాత్రలు, యుద్ధ సామగ్రి చేశాయి. 1918లో బోల్షెవిక్ ప్రభుత్వం సంస్థను స్వాధీనం చేసుకుంది. ఫాబెర్జే రైలులో రీగాకు, అక్కడినుండి జర్మనీకి తరలిపోయాడు. భార్య అగస్తా, పెద్దకుమారుడు యూజీన్ మంచు అడవుల గుండా ఫిన్లాండు సరిహద్దు దాటారు. చేతి కింది పని పోయిన తరువాత ఆయన ఆరోగ్యమూ నిలువలేదు. 1920 సెప్టెంబరు 24న స్విట్జర్లాండులోని లౌసాన్ సమీపంలో కన్నుమూశాడు. 1929లో యూజీన్ తండ్రి చితాభస్మాన్ని ఫ్రాన్సులోని కాన్ పట్టణానికి తెచ్చి, తల్లి సమాధిలో చేర్చాడు.