ఫ్రాంజ్ హోఫ్‌మైస్టరు

మన గంజాం జిల్లాలోని హుమ్మ ఉప్పుమడులను మీలో పెక్కుమంది చూచియుందురు. ఉప్పు కూరకు రుచి నిచ్చునని అందఱును ఎఱుగుదురు. నీటిలో కరగియున్న తక్కిన పదార్థములను అది ఏమి చేయునో తూచి చూచిన శాస్త్రజ్ఞుడు ఫ్రాంజ్ హోఫ్‌మైస్టరు. ఆయన చరిత్రమును విద్యార్థులకు, తలిదండ్రులకు సంగ్రహముగా తెలుపుచున్నాము.

ఆయన 1850 ఆగస్టు 30వ తేదీన ప్రాగ్ నగరమున ఒక వైద్యునికి కుమారుడై జన్మించెను. ఆయన భాష జర్మను. నగరమున చెకు భాషీయులే అధికసంఖ్యాకులు. 1882లో అచ్చటి విశ్వవిద్యాలయము భాషలను బట్టి రెండుగా విడిపోయెను. హోఫ్‌మైస్టరు జర్మను విద్యాలయమున ఔషధశాస్త్రమును బోధించెను.

కోడిగ్రుడ్డు తెల్లసొనలోని మాంసకృత్తు కరగియున్న నీటిలో ఆయన వేర్వేరు లవణములను చేర్చి, ఏది ఎంత చేరినచో ఆ మాంసకృత్తు నీటినుండి విడివడునో పరీక్షించెను. సల్ఫేటులు కొద్దిపాళ్లలోనే దానిని విడదీసెను. క్లోరైడులు అంతకంటె ఎక్కువగను, నైట్రేటులు మఱింత ఎక్కువగను కావలసివచ్చెను. 1888లో ప్రకటితమైన ఈ వరుసకే హోఫ్‌మైస్టరు శ్రేణి యని పేరు.

ఆయన గతించిన పిమ్మట, నీటిలో అయానులుగా విడివడని డిటర్జెంటులు వాడుకలోనికి వచ్చెను. వీనిలో పెక్కింటి ద్రావణము చల్లగా నున్నపుడు తేటగా నుండి, ఒక నియతమైన వేడిమి చేరగానే మబ్బువలె తెల్లబడును. మామూలు ఉప్పు చేర్చినచో తక్కువ వేడిమికే తెల్లబడును. సల్ఫేటు చేర్చినచో ఇంకను తక్కువకే. అయొడైడు, థయోసయనేటు లవణములు చేర్చినచో మాత్రము ఎక్కువ వేడిమి కావలెను. తెల్లసొనయందు కనుగొన్న వరుసయే ఇచ్చటను కానవచ్చుట వింత గదా!

1896లో ఆయన స్ట్రాస్‌బర్గు విశ్వవిద్యాలయమున చేరెను. మాంసకృత్తులలో అమైనో ఆమ్లములు ఒకదానితో నొకటి ఎట్లు కూడియుండునో 1902లో వివరించెను. ఎమిల్ ఫిషరు అను పండితుడును అదే దినమున, అదే సభలో అదే విషయమును తెలిపెను. మొదటి ప్రపంచయుద్ధము ముగిసి స్ట్రాస్‌బర్గు ఫ్రాన్సు వశమైనంతనే, జర్మను ఆచార్యులు ఊరు విడువవలసివచ్చెను. వృద్ధుడైన హోఫ్‌మైస్టరు తన ప్రయోగశాలను కోల్పోయి వుర్జ్‌బర్గు చేరి, 1922 జులై 26వ తేదీన అచ్చటనే కన్నుమూసెను.

సరిహద్దు మారుట మనకును క్రొత్త కాదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన బరంపురము మదరాసు రాజధానినుండి ఒరిస్సాలో చేరినపుడు, మన పెద్దలు ఇల్లు కదలకయే రాష్ట్రము మారిరి. హోఫ్‌మైస్టరు ఊరిని, ఉద్యోగమును పోగొట్టుకొనెను గాని, తన భాషలో వ్రాసిన సత్యము చెడలేదు. శతాబ్దము దాటిన పిమ్మట, 2004లో, ఆ వ్యాసములను ఆంగ్లములోనికి తెచ్చుకొని శాస్త్రజ్ఞులు మరల చదివిరి. బాలబాలికలారా! ఒడియాను, ఆంగ్లమును ఆదరముతో నేర్చుకొనుడు. తెలుగున నేర్చినదానిని మాత్రము తక్కువగా నెంచకుడు.