కోఠీ మేడను కట్టించిన కర్క్‌పాట్రిక్ దొర

హైదరాబాదు కోఠీ ప్రాంతమునకు ఆ పేరు తెచ్చిన మేడను మేము చూడబోయినప్పుడు, మెట్లకు ఇరుప్రక్కలనున్న రాతి సింహములును, పైన ఆరు ఎత్తయిన స్తంభములును మమ్ములను నిలువరించినవి. దీనిని కట్టించిన జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ దొరను గూర్చి ఇచ్చట కొంత వ్రాయుచున్నాము.

ఆయన 1764లో మద్రాసులో జన్మించెను. కుంఫిణీ సైన్యములో చేరి, 1798లో నిజాము దర్బారునకు రెసిడెంటయ్యెను. ఆ యేటనే నిజాము కొలువులోని ఫ్రెంచి పటాలముచేత యుద్ధము లేకుండనే ఆయుధములు దింపించెను. నిజాము అలీఖాను ఆయనకు హష్మత్ జంగ్ అను బిరుదిచ్చెను. ఇంటివద్ద హైదరాబాదీ దుస్తులు ధరించి, హుక్కా త్రాగెడి ఈ దొర, ఖైరున్నీసా బేగమును ముసల్మాను పద్ధతిని వివాహమాడెను. పైయధికారులు విచారణ జరిపించిరి. ఉద్యోగము పోవునేమోయన్న స్థితిలోను ఆయన ఆమెను విడువలేదు. ఎవరేమన్నను, ఆ పట్టుదలను మేము గౌరవింతుము.

మూసీ ఉత్తరపు గట్టున 1803 ప్రాంతమున కొత్త మేడ పని ఆరంభమైనది. నక్షా లెఫ్టినెంట్ శామ్యూల్ రసెల్‌ది. ఖర్చు నిజాముది. పెద్ద కాగితముపై గీసిన నక్షాను చూచి నిజాము కాదనెననియు, దానినే చిన్న అట్టపై గీసి చూపగా సరేయనెననియు ఒక కథ కలదు. దర్బారు మర్మమెరిగిన దొర గనుక నమ్మబుద్ధియగును!

పరదాలోనుండు బేగమునకై ఆయన రంగమహలు కట్టించెను. ఆ కాపురము ఎంతోకాలము సాగలేదు. 1805లో, ఐదేండ్లైనను నిండని కుమారుని, కుమార్తెను చదువులకై ఇంగ్లండు ఓడ యెక్కించిరి. కొలది వారములకే, అక్టోబరు 15న, దొర కలకత్తాలో 41 యేండ్ల వయస్సున మరణించెను. కొత్త మేడలో తనివితీర నివసించు భాగ్యము ఆయనకు దక్కలేదు. బేగము కొన్నాళ్లు మన మచిలీపట్నములో గడిపి, 1813లో హైదరాబాదులో కన్నుమూసెను. బిడ్డలను మరల చూడనేలేదు. కుమార్తె కిట్టీ పెద్దదైన పిమ్మట, 1841 మొదలు, అమ్మమ్మతో ఉత్తరములు నడిపినది గాని తిరిగి రాలేదు.

తరువాతి రెసిడెంట్లు 1947 వరకు ఇచ్చట నుండిరి. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాను, మౌల్వీ అల్లావుద్దీను అనుచరులతో దీనిపై దాడిచేసి విఫలులైరి. 1860లో రంగమహలును కూల్చివేసిరి. 1949లో మహిళా కళాశాల ఇచ్చటికి వచ్చెను. అది 2022లో విశ్వవిద్యాలయమైనది.

రంగమహలు పోయినను, తోటలో ఈ మేడ నమూనాగా కట్టిన బొమ్మయిల్లు మిగిలినది. పరదా దాటి ముందువైపునకు రాలేని బేగము మేడ ముఖము చూచుకొనుటకై దొర దానిని చేయించెనని చెప్పుకొందురు. మేము దానియొద్దనే చాలసేపు నిలిచితిమి.