చెరసాలలో చిత్తశాంతి : భక్త రామదాసు నామజపము

భాగ్యనగరమున అమీర్‌పేటను ఆనుకొని బల్కంపేట యున్నది. భూమట్టమునకు దిగువన బావియందు వెలసిన ఎల్లమ్మతల్లి దర్శనమునకై ఆషాఢమాసమున, అమ్మవారి కల్యాణ సమయమున, భక్తులు అసంఖ్యాకముగా వత్తురు. తక్కిన దినములలో ఈ ప్రాంతమంతయు వాహనముల రొదతోను, పరుగులు తీయు విద్యార్థులతోను, ఉద్యోగులతోను నిండియుండును. ఇట్టి చోట కాపురముండు గృహస్థులు పెద్దలను తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. జపము చేసినచో మనస్సునకు శాంతి కలుగునా? ఆందోళన తగ్గి నిద్ర పట్టునా?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు దూరము పోనక్కరలేదు. బల్కంపేటకు నైరుతి దిశగా, పది కిలోమీటర్లలోపుననే గోలకొండ దుర్గమున్నది. అందు ఒక చీకటి గదిలో రామనామమే తోడుగా సంవత్సరముల తరబడి జీవించిన మహనీయుని చరిత్రమే మనకు సమాధానము. ఆయనయే భక్త రామదాసు.

రామదాసు అసలు పేరు కంచెర్ల గోపన్న. పదునేడవ శతాబ్దమున, నేటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లిలో, ఆత్రేయస గోత్రమున జన్మించెను. తండ్రి లింగన మంత్రి, తల్లి కామాంబ. గోలకొండ ప్రభువైన అబుల్‌హసన్ కుతుబ్‌షా కొలువులో మంత్రిత్వము వహించిన అక్కన్న మాదన్నలు గోపన్నకు మేనమామలని ప్రసిద్ధి. ఈ అబుల్‌హసన్‌నే ప్రజలు తానీషా యందురు. ఆయన 1672లో సింహాసనమెక్కెను.

కబీరుదాసు గోపన్నకు రామతారక మంత్రమును ఉపదేశించెనని జనశ్రుతి కలదు. కాని కబీరు అంతకు పూర్వపు శతాబ్దములవాడు. ఆ సంప్రదాయమునకు చెందిన సాధువెవరైన ఉపదేశించి యుండవచ్చునని కొందరి భావన. రామదాసు మాత్రము తన దాశరథీ శతకమున రఘునాథ భట్టరును సద్గురువుగా స్మరించి నమస్కరించినాడు. ఉపదేశము ఎవరివలన లభించినను, అది లభించినది సుఖదినములలోననే యని మనము గమనింపవలెను. కష్టము వచ్చిన పిదప గోపన్న మంత్రమును వెదకుకొనలేదు. ఇల్లు, పొలము, ఆలుబిడ్డలు, అధికారము అన్నియు ఉన్ననాడే ఆ నామము ఆయన నాలుకపై నిలిచెను.

మేనమామల ప్రాపకమున గోపన్న పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా నియమింపబడెను. భద్రాచలము ఆ పరగణాలోనిదే. గోదావరీతీరమున ఆ కొండపై పోకల దమ్మక్క యను భక్తురాలు తాటాకు పందిరి క్రింద స్వామిని అర్చించుచుండెనని స్థలచరిత్రము చెప్పుచున్నది. ఆ స్థితి చూచి గోపన్న హృదయము కరగెను. ఆలయనిర్మాణము నారంభించెను. ప్రజలిచ్చిన విరాళములు చాలలేదు. అప్పుడు శిస్తుగా వసూలైన ధనమును, ప్రభువు అనుమతి లేకయే, గుడికిని స్వామి ఆభరణములకును వెచ్చించెను. ఆ మొత్తము ఆరులక్షల వరహాలని పరంపరాగతమైన మాట.

ఇచ్చట భక్తులమైన మనము ఒక సత్యమును దాచుకొనరాదు. ఆ ధనము గోపన్న సొంతము కాదు, రాజ్యముది. ఉద్దేశము పవిత్రమైనను లెక్క చెప్పవలసిన బాధ్యత తప్పదు. తానీషా ఆయనను గోలకొండ కోటలో బంధించెను. చెరవాసము పండ్రెండు సంవత్సరములు సాగెనని సంప్రదాయము.

నేడు కోటకు పోవు యాత్రికులకు రామదాసు బందిఖానా యని ఒక మందిరమును చూపుదురు. మందమైన గోడలు. పైకప్పున నున్న రంధ్రము గుండా వచ్చు కొద్దిపాటి వెలుతురు. గోడపై సీతారామలక్ష్మణుల, ఆంజనేయుని ప్రతిమలు కలవు. అవి రామదాసు తన చేతులతో చెక్కినవని భక్తుల విశ్వాసము. ఆ గదిలో ఒక్క క్షణము కనులు మూసికొని నిలిచినచో, అచ్చట మనిషిని నిలిపిన దేమిటో కొంత బోధపడును.

జపమన్నంతనే కొందరు నిశ్చలముగా కూర్చుండి దుఃఖమును మరచుట యని తలంతురు. రామదాసు సంకీర్తనలు మనకు వేరొకటి తెలుపును. వానిలో ఏడ్పు కలదు, కోపము కూడ కలదు. ఏ ఆభరణమునకు ఎంత ధనమైనదో లెక్కలు చెప్పి, ఎవరి సొమ్మని అనుభవించుచున్నావని స్వామినే నిలదీసిన కీర్తన కలదు. వెంటనే, దెబ్బలకు తాళలేక తిట్టితినని, మన్నింపుమని వేడుకొనుటయు అందే కలదు. సీతమ్మతల్లిని తన పక్షమున ఒక మాట చెప్పుమని ప్రాధేయపడిన కీర్తనయు కలదు. మనసులోని వేదనను ఆయన అణచిపెట్టలేదు, స్వామి ముందు పెట్టెను. కోపమునందును దుఃఖమునందును నోట వచ్చినది ఆ నామమే. మనస్సు ఎచ్చటికి పోయినను మరల అచ్చటికే చేరుచుండెను. రామదాసు చెరలో పొందిన శాంతి ఇదియే. దుఃఖము ఉన్నది, కాని దానిని వినువాడొకడున్నాడన్న నమ్మకమును ఉన్నది.

దాశరథీ శతకమునందును ఈ లక్షణమే కానవచ్చును. పద్యము పద్యమునకు భావము మారును. చివరి సంబోధనము మాత్రము దయాసముద్రుడైన రాముని గూర్చియే. నూరు పద్యములు చదివినవాడు నూరుమార్లు స్వామిని పిలిచినవాడగును. ఆ శతకమే ఒక జపమాల.

నేటి వైద్యశాస్త్రజ్ఞులు కూడ జపముపై పరిశోధనలు చేసినారు. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ 1975లో వెలువరించిన గ్రంథమున, ఒకే పదమును శాంతముగా పునశ్చరణము చేయునపుడు శ్వాస, గుండె వేగము నెమ్మదించునని వివరించెను. 2001లో ఇటలీ పరిశోధకులు క్రైస్తవుల జపమాల ప్రార్థనను, మన మంత్రజపమును పరిశీలించి, రెంటి వలనను శ్వాస నిమిషమునకు ఇంచుమించు ఆరు పర్యాయములకు తగ్గుచున్నదని ప్రకటించిరి. దేహమునకు కలుగు ఈ మేలు సంతోషింపదగినదే. అట్లని వైద్యుడిచ్చిన మందు మానివేయుట తగదు. మేలు కలిగినదా లేదా యని దినదినము తూచుకొనుటయు తగదు. రామదాసు తన గుండె నెమ్మదించుటకై రాముని పిలువలేదు. రాముడు కావలెనని పిలిచెను. నెమ్మది దాని వెంట వచ్చెను.

చెర వీడిన కథ తెలుగువారందరికిని తెలిసినదే. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ యను పేర్లతో రాత్రివేళ తానీషా యెదుట నిలిచి ఆరులక్షలును చెల్లించి రసీదు పొందిరని భక్తలోకము నమ్ముచున్నది. రాజ్యమునకు రావలసిన సొమ్ము రాజ్యమునకు చేరిన పిమ్మటనే భక్తునికి విడుదల కలిగెననుట ఈ కథలోని ధర్మసూక్ష్మము. స్వామి సయితము లెక్కను మాఫీ చేయుమనలేదు, చెల్లించెను. నాడు మొదలైనదని చెప్పు ఆచారము ననుసరించి, శ్రీరామనవమి కల్యాణమునకు ప్రభుత్వపక్షమున ముత్యాల తలంబ్రాలు నేటికిని భద్రాద్రికి పోవుచున్నవి.

1687లో ఔరంగజేబు సేనలు గోలకొండను పట్టుకొన్నవి. తానీషాను దౌలతాబాదు కోటలో బంధించిరి. ఆయన అచ్చటనే కన్నుమూసెను. ఒకనాడు చెరలో నుంచినవాడు మరియొకనాడు చెరపాలయ్యెను. దుర్గము శిథిలమైనది. రామదాసు కీర్తనలు మాత్రము ఇంటింట వినబడుచున్నవి. తరువాతి శతాబ్దమున జన్మించిన త్యాగరాజస్వామి తన కీర్తనలలో రామదాసును భక్తితో స్మరించుకొనెను.

గృహస్థులు ఈ చరిత్రము నుండి గ్రహింపవలసినది సులభమైనదే. అష్టాక్షరి మొదలగు మంత్రములను ఆచార్యుని వలన పొందవలెను. భగవన్నామమునకు అట్టి నియమము లేదు, అది అందరిది. ప్రాతఃకాలమున స్నానానంతరము ఒక చోటును, ఒక సంఖ్యను నిర్ణయించుకొని నామము చెప్పుకొనవచ్చును. నూటయెనిమిది సాగనినాడు ఇరువది యొకటియైనను చాలును. మొదట పైకి పలుకుచు, తరువాత పెదవుల కదలికతో, ఆపై మనస్సులోననే చేయుట పెద్దలు చెప్పిన వాచిక, ఉపాంశు, మానస క్రమము. శ్వాసను బలవంతముగా బిగపట్టనక్కరలేదు. మనస్సు తప్పిపోయినపుడు విసుగుకొనక మరల తెచ్చుకొనుటయే సాధన. కష్టమున్ననాడు ఆ కష్టమును స్వామికి చెప్పుకొని మరల నామము నందుకొనవలెను.

బల్కంపేట వీథులలో రొద రేపును ఉండును. పరీక్షలు, అప్పులు, అనారోగ్యములు ఇంటింట ఉండును. సుఖమున్ననాడే నామమును అలవరచుకొన్నవానికి, గోడలు ఎంత మందమైనను, పైకప్పున కొంత వెలుతురు కనబడకపోదు.

శ్రీరామార్పణమస్తు.