బంకించంద్రుని యుద్ధనవలలు – తొలి కూర్పులు

బంకించంద్ర చట్టోపాధ్యాయుని జీవితమును వ్రాసినవారు పెక్కురు. ఆయన పుట్టిన యూరు, చేసిన యుద్యోగములు, బదిలీలు అన్నియు తేదీలతో లభించుచున్నవి. ఐనను ఆ జీవితమందలి ముఖ్యమైన మలుపులు కొన్ని, ఆయన నవలల తొలి ముద్రణములను చేతబట్టిననే గాని తెలియరావు. నేడు అంగళ్లలో దొరకు ఆనందమఠము 1892 నాటి పాఠము. దానిని చదివి 1881 నాటి బంకించంద్రుని గూర్చి తీర్పు చెప్పుట మనలో పరిపాటియైనది. ఈ వ్యాసమున ఆయన జీవితమును యుద్ధకథల తొలి ప్రతుల వరుసలో చెప్పుటకు యత్నించుచున్నాను.

ఆయన 1838 జూన్‌లో నైహాటి సమీపమునగల కాంఠాల్పాడ గ్రామమున జన్మించెను. తండ్రి యాదవచంద్రుడు డిప్యూటీ కలెక్టరు. హుగ్లీ కళాశాలలోను, పిమ్మట కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివి, కలకత్తా విశ్వవిద్యాలయము 1858లో మొదటిసారిగా బి.ఎ. పట్టమిచ్చిన యిరువురిలో నొకడయ్యెను. ఆ యేటనే డిప్యూటీ మేజిస్ట్రేటుగా జెస్సోరునకు పోయెను. 1891 వరకు సర్కారు కొలువు విడువలేదు. రాజ్యమును కూలద్రోయ సమకట్టిన సన్యాసుల కథ వ్రాసినవాడు ముప్పదిమూడేండ్లు ఆ రాజ్యమునకే న్యాయాధికారిగా నుండెనన్న సంగతి మరవరాదు.

ఆయన మొదటి నవల వంగభాషలోనిది కాదు. ‘రాజ్‌మోహన్స్ వైఫ్’ అను ఆంగ్లనవల 1864లో ‘ఇండియన్ ఫీల్డ్’ పత్రికలో వెలువడినది. రచయిత జీవించియుండగా అది పుస్తకరూపము దాల్చలేదు. ఏడు దశాబ్దుల పిదప వ్రజేంద్రనాథ బంద్యోపాధ్యాయుడు ఆ పత్రికా సంచికలను కనుగొనెను గాని, మొదటి మూడధ్యాయములున్న సంచికలు వానిలో లేవు. బంకించంద్రుడే ఆ నవల తొలిభాగమును వంగభాషలోనికి మార్చియుండుటచే, వ్రజేంద్రనాథుడు ఆ వంగపాఠమునుండి మూడధ్యాయములను మరల ఆంగ్లీకరించి 1935లో గ్రంథమును ప్రకటించెను. కాబట్టి నేడా నవల మొదటి పుటలలో మనము చదువునది బంకించంద్రుని ఆంగ్లము కాదు. పాతప్రతులు సేకరించు వ్యసనము కొందరికి వినోదముగా దోచవచ్చును. అది లేనిచో ఈ నవలయే లేదు.

1865లో దుర్గేశనందిని వెలువడినది. మొగలులకును పఠానులకును జరిగిన పోరాటము దాని నేపథ్యము; మానసింహుని కుమారుడు జగత్సింహుడు నాయకుడు. 1869 నాటి మృణాళినిలో నవద్వీపముపై భక్తియార్ ఖిల్జీ దండయాత్ర కలదు. ఈ తొలి నవలలలో యుద్ధము ప్రణయకథకు రంగస్థలము మాత్రమే. 1872లో వంగదేశపు బహరంపురమునందు – గంజాము సీమలోని బరంపురము కాదు – ఉద్యోగము చేయుచు ‘వంగదర్శన’ పత్రికను స్థాపించెను. అది మొదలు ఆయన నవలలలో పెక్కింటికి అసలైన తొలి రూపము పత్రికలోనిది. పుస్తకము రెండవ రూపము. ప్రథమ ముద్రణమును సంపాదించి తృప్తిపడు సేకర్త ఈ సంగతి గమనింపవలెను.

ఆ కాలపు ప్రథమ ముద్రణములు మిగిలియుండుటకు సర్కారు శాసనమొకటి కొంత కారణము. 1867 నాటి ముద్రణాలయ గ్రంథనమోదు చట్టము ననుసరించి ముద్రితమైన ప్రతి పుస్తకమును ప్రభుత్వమునకు సమర్పింపవలసియుండెను. మూడు మాసముల కొకమారు ఆ గ్రంథముల పట్టికలు ప్రకటింపబడుచుండెడివి. వానిలో పుటల సంఖ్య, అచ్చైన ప్రతుల సంఖ్య, వెల నమోదగుచుండెను. ఎన్నిక చేసిన ప్రతులు లండనునకు పోయినవి. దేశమున చెదలపాలైన గ్రంథములు పెక్కు అక్కడ నిలిచినవి. పాలకులు ప్రజల వ్రాతలను కనిపెట్టుటకు చేసికొన్న యేర్పాటు పాఠపరిష్కర్తల కిట్లు ఉపకరించినది.

ఆనందమఠము వంగదర్శనలో 1881 వసంతమున ప్రారంభమై 1882లో ముగిసినది. పత్రికకప్పుడు అన్నగారైన సంజీవచంద్రుడు సంపాదకుడు. నవల సాగుచుండగానే, 1881 సెప్టెంబరులో, బంకించంద్రుడు వంగప్రభుత్వమున సహాయ కార్యదర్శియయ్యెను. 1882 జనవరిలో ఆ పదవియే రద్దయ్యెను. పిదప ఆయన ఒరిస్సాలోని జాజ్‌పురమునకు బదిలీయయ్యెను. ఆ యేటి డిసెంబరులో నవల పుస్తకముగా వెలువడినది. దానిని కీర్తిశేషుడైన మిత్రుడు దీనబంధు మిత్రునకు అంకిత మొసగెను.

పత్రికాపాఠమును ప్రథమ ముద్రణముతోను, తరువాతి కూర్పులతోను పోల్చినవారు కొన్ని మార్పులను గుర్తించిరి. పత్రికలో ఆంగ్లేయులను శత్రువులుగా పేర్కొనిన కొన్ని తావులలో, పుస్తకమున యవనులు శత్రువులైరి. వేరు తావులలో మాట మెత్తబడినది. ఇది చిన్న సంగతి గాదు. ఈ నవలలో ముసల్మానులపై గల పరుషవాక్యములే దీనిని గూర్చిన వివాదమునకు మూలము. 1937లో కాంగ్రెసు కార్యవర్గము వందేమాతర గీతమున మొదటి రెండు చరణములనే సభలలో పాడదగునని నిర్ణయించుటకు ఆ వివాదము కూడ కారణము. ఆ పరుషవాక్యములలో ఏవి మొదటినుండియు నున్నవి, ఏవి పిదప వేరొకమాటకు బదులుగా వచ్చినవి అను విషయము తొలి ప్రతులు లేక తేలదు.

మార్పులకు ఉద్యోగభయమే కారణమని పలువురు చెప్పుదురు. పదవి రద్దగుటకును నవలకును ముడిపెట్టినవారును కలరు. కాలము కలిసినంతమాత్రమున అది ఋజువని నేనంగీకరింపను. ఆయన జీవించియుండగా వచ్చిన కడపటి కూర్పు, ఐదవది, 1892 నాటిది. అప్పటికి ఉద్యోగవిరమణ చేసి కొన్ని మాసములైనది. భయమొక్కటియే కారణమైనచో తీసివేసిన మాటలను మరల చేర్చుటకు అదియే తగిన అదను, ఆయన చేర్చలేదు. ఉపకారవేతనము పొందువానికిని భయముండవచ్చుననుట నిజమే. ఆ కాలముననే రాయ్ బహదూర్ బిరుదము వచ్చినది. ఐనను ఐదవ కూర్పులో ఆయన చేసిన పని చూడగా, అది భయస్థుని పనివలె గాక చరిత్ర పరిశీలకుని పనివలె దోచును. మొదట యుద్ధములు వీరభూమి ప్రాంతమున జరిగినట్లు వ్రాసెను. సన్యాసులచేత థామస్, ఎడ్వర్డ్స్ అను సేనానులు 1772, 1773 సంవత్సరములలో హతులైన యుద్ధములు ఉత్తరవంగమునందు జరిగినవి. మూడవ కూర్పులో ఆ చారిత్రకాధారములను అనుబంధముగా చేర్చి, నవల చరిత్ర కాదు గనుక ఈ భేదము దోషము కాదని సమర్థించుకొనెను. ఐదవ కూర్పునాటికి ఆ సమర్థన ఆయనకే చాలలేదు: వీరభూమి పోయి వరేంద్రభూమి వచ్చినది, మేజర్ వుడ్డు స్థానమున ఎడ్వర్డ్స్ నిలిచెను.

రాజసింహము ఇంతకంటె విస్తృతమైన యుదాహరణము. మేవాడు రాణాకును ఔరంగజేబునకును జరిగిన యుద్ధము దాని వస్తువు. 1882 నాటి ప్రథమ ముద్రణము పలుచని పుస్తకము. 1893 నాటి నాలుగవ కూర్పు దానికి అనేక రెట్లు పెరిగిన మహాగ్రంథము. ఆ కూర్పులోనే, తన నవలలలో చారిత్రకమని చెప్పదగినది ఇదొక్కటియేనని పీఠికలో తెలిపెను. ప్రణయకథకు రంగస్థలముగా యుద్ధమును వాడుకొన్న యువకుడు, యుద్ధమునే విషయముగా గ్రహించిన వృద్ధుడు – ఈ ఇరువురి నడుమ దూరము ఈ రెండు ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టినపుడు కనబడినట్లు ఏ జీవితచరిత్రయందును కనబడదు.

1894 జనవరిలో సి.ఐ.ఇ. బిరుదమందిన ఆయన ఆ ఏప్రిల్ 8న కలకత్తాలో మరణించెను. శతజయంతి సందర్భమున 1938 మొదలు వంగీయ సాహిత్య పరిషత్తువారు వ్రజేంద్రనాథ, సజనీకాంత దాసుల సంపాదకత్వమున ప్రకటించిన సంపుటములలో పాఠభేదములు చూపబడినవి. అనువాదకులలో ఎందరు వానిని విప్పి చూచిరో చెప్పజాలము. తెలుగున ఆనందమఠము పలుమార్లు అనువదింపబడినది. 1907లో బిపిన్‌చంద్రపాలుని పర్యటనముతో రాజమహేంద్రవరాది పట్టణములలో వందేమాతరము మారుమ్రోగిన నాటినుండి ఆ నవలపై మనవారి కాసక్తి హెచ్చినది. ఆ అనువాదములలో యుద్ధభూమి వీరభూమియా, వరేంద్రభూమియా యని చూచినచో అనువాదకుని యెదుట ఏ కూర్పున్నదో కొంతవరకు తేలును. ఈ పరీక్షను ఆంధ్రపరిశోధకులు ఇతర భారతీయ భాషానువాదములకును వర్తింపజేయవచ్చును.