మూసారాంబాగ్ దొర

మీర్‌పేట్ నుంచి కోఠీ పోతుంటే దిల్‌సుఖ్‌నగర్ దాటగానే మూసారాంబాగ్ మెట్రో స్టేషన్. రోజూ చూసే బోర్డే. మూసారాం అంటే ఎవరో షావుకారు అయ్యుంటాడులే అని నేను చాలా కాలం పట్టించుకోలేదు. తీరా చూస్తే ఆయన ఫ్రెంచి సిపాయి. పేరు మిషెల్ జోకిం మారీ రేమండ్. మస్యూ రేమండ్ అన్న పిలుపు జనం నోట్లో నలిగి ముస్లింలకు మూసా రహీం అయింది, హిందువులకు మూసారాం అయింది. ఎవరికి వాళ్లు తమవాడిని చేసేసుకున్నారు.

1755లో ఫ్రాన్స్‌లోని గాస్కనీ ప్రాంతంలో, ఒక వ్యాపారి ఇంట్లో పుట్టాడు. 1775లో సరుకు అమ్ముకుందామనే పుదుచ్చేరి వచ్చాడు. ఆ రోజుల్లో మన దేశంలో సరుకు కంటే తుపాకీ పట్టడం తెలిసిన తెల్లవాడికి గిరాకీ ఎక్కువ. మైసూరులో హైదర్ అలీ దగ్గరున్న ఫ్రెంచి దళంలో చేరాడు. తర్వాత బుస్సీ దగ్గర పనిచేశాడు. బొబ్బిలి యుద్ధం కథ విన్నవాళ్లకి ఈ బుస్సీ తెలిసినవాడే, కాకపోతే అప్పటికి ముసలివాడైపోయాడు. 1785లో బుస్సీ పోయాక, మరుసటి ఏడాది రేమండ్ హైదరాబాద్‌లో నిజాం అలీ ఖాన్ కొలువులో చేరాడు.

మొదట్లో ఆయన దళం 300 మంది. చేతుల్లో తుపాకులు కూడా సొంతవి కావు. ఒక ఫ్రెంచి వ్యాపారి దగ్గర ఒక్కోటి నెలకి ఎనిమిది అణాల చొప్పున అద్దెకి తెచ్చారు. మనం ప్రాజెక్టుకి కిట్లు అద్దెకి తెచ్చుకున్నట్టే! అక్కడి నుంచి మొదలుపెట్టి పదేళ్లలో పది వేలు దాటించాడు. ఫిరంగులు ఇక్కడే పోత పోయించాడు. అబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ అంటామే, ఆ తోపుల కార్ఖానా ఆయన పెట్టిందే.

1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాలతో యుద్ధం వచ్చింది. రేమండ్ పటాలాలు గట్టిగానే నిలబడ్డాయి. కానీ నిజాం భయపడి రాత్రికి రాత్రే కోటలోకి వెనక్కి తగ్గాడు. ఏనుగెక్కిన రాజే వెనక్కి తిరిగితే కింద నడిచే సిపాయి ఏం చేస్తాడు? ఓటమి నిజాందే అయినా, పేరు మాత్రం రేమండ్‌కి వచ్చింది. ఆ యుద్ధంలో ఇంగ్లీషువాళ్లు సాయం రాలేదని నిజాంకి ఒళ్లు మండింది. వాళ్ల పటాలాలని పంపేసి రేమండ్ బలగాన్ని ఇంకా పెంచాడు. అదే ఏడాది నిజాం కొడుకు అలీ జా తిరగబడితే పట్టుకొచ్చే పని కూడా ఈయన మీదే పడింది. దారిలో ఆ కుర్రాడు ప్రాణం తీసుకున్నాడు. రేమండ్ జీవితంలో నన్ను బాగా ఇబ్బంది పెట్టిన ఘట్టం ఇదే. కొలువు అంటే తండ్రీకొడుకుల తగాదాలో కూడా కత్తి దూయడమేనన్నమాట. కొలువులో ఆయనకి దక్కిన బిరుదు అజ్దర్ జంగ్, అంటే యుద్ధంలో సర్పరాజం లాంటివాడని.

ఈ కథలో నాకు అన్నిటికంటే వింతగా తోచింది యూనిఫాం. అప్పటికి ఫ్రాన్స్‌లో విప్లవం వచ్చి రాజు తల పోయింది. రేమండ్ పటాలం మూడు రంగుల ఫ్రెంచి జెండా కింద కవాతు చేసేది. సిపాయిల కోటు గుండీల మీద విప్లవకారుల స్వేచ్ఛా టోపీ గుర్తు ఉండేది. రాజుల్ని దించేసిన గుర్తు అది. దాన్ని తొడుక్కుని కాపలా కాసింది మాత్రం నిజాం సింహాసనానికి! ఆ గుండీ పెట్టుకున్న దక్కన్ సిపాయికి దాని అర్థం ఎవరైనా చెప్పారో లేదో. ఇంగ్లీషువాళ్లకి మాత్రం బాగానే అర్థమైంది. రేమండ్ దళాన్ని కడప, కంభం వైపు పంపితే, తీరానికి దగ్గరగా వచ్చేశారని మద్రాసులో కంగారు పడ్డారు.

1798 మార్చి 25న రేమండ్ చనిపోయాడు. 43 ఏళ్లు కూడా నిండలేదు. విషం పెట్టారని కొందరు, తనే తీసుకున్నాడని కొందరు అన్నారు. ఏదీ తేలలేదు.

ఆయన పోయాక పటాలం ఏడు నెలలు కూడా నిలవలేదు. కొత్త నాయకుడు పిరోన్‌కి ఆ పట్టు లేదు. సెప్టెంబరులో నిజాం ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబరులో జీతం బాకీల కోసం సిపాయిలు తమ ఫ్రెంచి అధికారుల మీదే తిరగబడి పిరోన్‌ని బంధించారు. అదే అదనుగా కిర్క్‌పాట్రిక్, మాల్కం కలిసి కంపెనీ సైన్యంతో చుట్టుముట్టించారు. పదకొండు వేల మందికి పైగా సిపాయిలు కొన్ని గంటల్లో ఆయుధాలు కింద పెట్టేశారు. ఒక్క యుద్ధం కూడా లేకుండా! మరుసటి మే నెలలో శ్రీరంగపట్నంలో టిప్పు పడిపోయినప్పుడు నిజాం సేన ఇంగ్లీషువాళ్ల పక్కన నిలబడి ఉంది.

అస్మాన్‌గఢ్ గుట్ట మీద రేమండ్ సమాధి ఇప్పటికీ ఉంది. సుమారు ఏడు మీటర్ల రాతి స్తంభం, దాని మీద జె, ఆర్ అని రెండే ఇంగ్లీషు అక్షరాలు. బిరుదు లేదు, పతకం లేదు. గత శతాబ్దంలో కూడా చాలా ఏళ్లు వర్ధంతి రోజున జనం దీపాలు పెట్టి, దొరకి ఇష్టమని చుట్టలు, బీరు కూడా పెట్టేవారట. పక్కనున్న 28 స్తంభాల మంటపం 2001 అక్టోబరు వానలకి కూలిపోతే తర్వాత మళ్లీ కట్టారు.

ఆ పదకొండు వేల మంది పేర్లు మాత్రం ఏ రాయి మీదా లేవు. జీతం బాకీ ఎంత వచ్చిందో, కోట్లు విప్పేశాక ఏ ఊరికి పోయారో కూడా చెప్పేవాళ్లు లేరు. ఆ టోపీ బొమ్మ గుండీ ఒక్కటైనా మన వైపు ఏ పాత ఇంటి పెట్టెలోనో మిగిలి ఉంటే చూడాలని ఉంది.