బూదికోటలో పుట్టిన వ్యూహవేత్త హైదరాలీ

కురుడుమలె వినాయకుని దర్శించుకొని ముళబాగిలు చేరేవారికి ఎదురయ్యే కొండ, దాని చుట్టూ ఉన్న బండరాళ్ళు ఒకనాటి రణరంగమని మనలో చాలామందికి తెలియదు. 1768 అక్టోబరు 4న అక్కడ ఆంగ్లేయులతో తలపడిన హైదరాలీ ఈ జిల్లావాడే.

ఆయన 1720 ప్రాంతంలో బూదికోటలో జన్మించాడు. తండ్రి ఫతే మహమ్మద్ శిరా నవాబు కొలువులో సేనాని. ఆయన యుద్ధంలో మరణించేనాటికి హైదరు పసివాడు. చదువు అబ్బలేదు. మైసూరు సైన్యంలో చేరి, దిండిగల్లులో ఫ్రెంచివారి సాయంతో ఫిరంగుల కర్మాగారం నెలకొల్పి, 1761 నాటికి రాజ్యాధికారాన్నే చేజిక్కించుకొన్నాడు.

ప్రాచీన గ్రీకులు డాలుకు డాలు ఆనించి, బల్లెములు చాచి దట్టమైన వరుసగా నడిచేవారు. దానినే ఫాలాంక్స్ అన్నారు. తుపాకులు వచ్చాక ఐరోపావారి కాల్బలం పాటించిన సూత్రమూ ఇంచుమించు అదే: వరుస చెదరనంతవరకు అశ్వదళం దానినేమీ చేయలేదు. ముళబాగిలు బండల మధ్య మాత్రం ఆ వరుస నిలువలేదు. కర్నల్ వుడ్ సేన ఓటమి అంచుకు చేరింది. అప్పుడు కెప్టెన్ బ్రూక్ రెండు ఫిరంగులను ఒక బండపైకి ఈడ్పించి పేల్పించి, కర్నల్ స్మిత్ వచ్చాడని కేకలు వేయించాడు. నిజానికి స్మిత్ రానేలేదు. మైసూరు సేన తడబడింది, వుడ్ తేరుకొన్నాడు. చేతికందిన విజయం ఒక్క కేకతో జారిపోయింది!

అయినా మరుసటి సంవత్సరమే హైదరు ఆంగ్ల సేనలను దూరంగా ఏమరించి, అశ్వదళంతో మద్రాసు వాకిట నిలిచి సంధి చేయించుకొన్నాడు. ఎదుటి వ్యూహంతో ఢీకొనక దాని పక్కగా సాగిపోవడమే ఆయన అసలు ప్రతిభ అని మాకు తోస్తుంది.

1780 సెప్టెంబరు 10న కంచి సమీపంలోని పొల్లిలూరులో కర్నల్ బెయిలీ తన సేనను చతురస్రంగా నిలిపాడు. హైదరు, టిప్పు చుట్టుముట్టి, గుర్రాలను తోలక ముందుగా ఫిరంగులను, రాకెట్లను ప్రయోగించారు. మందుగుండు బండ్లు పేలిపోయాయి. గుండు లేని చతురస్రం మీదికి అప్పుడు అశ్వదళం దూకింది. కంచిలో ఉన్న మన్రో సకాలంలో రాలేదు. బెయిలీ బందీ అయ్యాడు.

మరుసటి ఏడు పోర్టోనోవోలో ఐర్ కూట్ చేతిలో ఆయనకు ఓటమి తప్పలేదు. 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట శిబిరంలో, వీపున లేచిన రాచపుండుతో కన్నుమూశాడు. ఆయన దేహాన్ని మొదట కోలారులో తండ్రి సమాధి చెంత ఉంచి, తరువాత శ్రీరంగపట్టణానికి తరలించారు.