అల్లూరి ఎవరి కోసం నిలబడ్డారు?

అల్లూరి సీతారామరాజు అనగానే మీకు విల్లంబులు గుర్తొస్తాయి. దాని వెనకున్న అడవి సంగతీ తెలుసుకోండి.

1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక మన్యం గిరిజనుల పోడు సేద్యానికి ఆంక్షలు పడ్డాయి. తరతరాలుగా తిరిగిన అడవిలో కట్టెలు కొట్టుకున్నా నేరమైంది. పైగా రోడ్డు పనుల్లో చాలీచాలని కూలికి వెట్టిచాకిరీ.

1897లో మైదానంలోని పాండ్రంగిలో పుట్టిన రాజు వాళ్లలో ఒకడై బతికారు. గంటందొర, మల్లుదొరలతో కలిసి 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల తుపాకులు పట్టుకెళ్లారు. 1924 మే 7న ఆయన్ని కాల్చి చంపారు. అప్పటికి 27 ఏళ్లు నిండలేదు.

బెంగళూరులో ఉండే మనకు అడవి అంటే చూసొచ్చే చోటు. వాళ్లకది అన్నం. జూలై 4న, ఆయన జయంతి నాడు, పిల్లలకు ఈ ముక్క తప్పక చెప్పండి.

– ప్రధానోపాధ్యాయుడు